బంగారు కణాలతో ప్రొటీన్‌ని ఎలా కొలుస్తారు? బ్రాడ్‌ఫోర్డ్ మానేసి దీనికి మారాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో బ్రాడ్‌ఫోర్డ్‌తో, అంటే ప్రొటీన్ తగిలితే నీలంగా మారే రంగు పద్ధతితో, ప్రొటీన్ కొలుస్తున్నారు. మీ శాంపిల్ బొత్తిగా తక్కువ, రీడింగ్ బ్లాంక్‌కీ (ప్రొటీన్ లేని ద్రావణానికి) శాంపిల్‌కీ తేడా తెలియనంత దగ్గరగా వస్తోంది. సెమినార్‌లో ఎవరో బంగారు కణాలతో నానోగ్రాముల్లో కొలవచ్చన్నారు. "బంగారం దేనితోనూ కలవదు కదా, ప్రొటీన్‌ని ఎలా పట్టుకుంటుంది? ఖర్చు ఎంతవుతుంది? నేను మారాలా?" అని అడిగారు.

ముందు సూటి జవాబు. బంగారు కణం తనంతట తాను ప్రొటీన్‌ని కొలవదు. ప్రొటీన్ తన మీద ఎక్కిందా, తాను పక్క కణానికి ఎంత దగ్గరగా ఉంది, ఒక చోట ఎన్ని కణాలు పోగయ్యాయి, ఈ మూడిట్లో ఏదో ఒకటి రంగు రూపంలో చూపిస్తుంది. ఆ రంగును అంకెగా మార్చేది మీరు పక్కన పెట్టుకునే స్టాండర్డ్ కర్వే, అంటే ఎంత ఉందో తెలిసిన ప్రొటీన్‌తో ముందే గీసుకునే గీత. అది సరిగ్గా లేకపోతే బంగారం పెట్టినా వెండి పెట్టినా ఒకటే. ఇక మారాలా అంటే, చాలామందికి అక్కర్లేదు. ఎవరికి అవసరమో కింద రాస్తాను.

నేను ర్యాపిడ్ టెస్ట్ స్ట్రిప్‌లు తయారయ్యే చోట గోల్డ్ కాంజుగేట్ (ఒక ఫలానా ప్రొటీన్‌నే పట్టుకునే యాంటీబాడీని ఎక్కించిన బంగారు కణాలు) పనిలో ఏళ్ల తరబడి ఉన్నాను. అందుకని స్ట్రిప్‌ల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

బంగారం దేనితోనూ కలవదు అన్నది సగం నిజం. నగలో ఉన్న బంగారానికి ఆ మాట చెల్లుతుంది. గోల్డ్ క్లోరైడ్ ద్రావణాన్ని మరిగించి సోడియం సిట్రేట్ పోస్తే ఏర్పడే 15-20 నానోమీటర్ల కణం సంగతి వేరు. ఈ పద్ధతిని 1951లో టర్కెవిచ్ బృందం స్థిరపరిచింది. సిట్రేట్ మోతాదు తగ్గిస్తే కణం పెద్దదవుతుందని 1973లో ఫ్రెన్స్ చూపించాడు. ఇప్పటికీ అందరూ చేసేది దాదాపు అదే. ఈ కణం చుట్టూ సిట్రేట్ పొర ఉంటుంది, దానికి రుణావేశం ఉంటుంది. ఒకే ఆవేశం కాబట్టి కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో తేలుతుంటాయి. ప్రొటీన్ వచ్చినప్పుడు మూడు దారుల్లో అతుక్కుంటుంది: దాని ధనావేశపు భాగాలు సిట్రేట్ వైపు లాగబడతాయి, నీటికి దూరంగా ఉండాలనుకునే భాగాలు లోహం మీద పరుచుకుంటాయి, సిస్టీన్‌లోని గంధకం బంగారంతో గట్టి బంధం వేసుకుంటుంది. మూడోది ఒకసారి పడితే అంత తేలిగ్గా ఊడదు.

ఇక రంగు. 20 నానోమీటర్ల కణం 520 నానోమీటర్ల దగ్గర, అంటే పచ్చ కాంతిని, బలంగా పీల్చుకుంటుంది. అందుకే ద్రావణం మనకు కెంపులా కనిపిస్తుంది. కణాలు దగ్గర దగ్గరగా చేరితే వాటి ఎలక్ట్రాన్ల ఊగిసలాట ఒకదానితో ఒకటి ముడిపడి, పీల్చుకునే కాంతి 600 నానోమీటర్లు దాటి పోతుంది. అప్పుడు ద్రావణం ఊదాగా, తర్వాత నీలంగా మారుతుంది. ఎర్రటి బంగారు ద్రావణంలో ఉప్పు వేస్తే నీలమవుతుందని మైకేల్ ఫారడే 1857లోనే రాసిపెట్టాడు. అసలు ఆ ఎరుపు ఎందుకొస్తుందో లెక్క గట్టడానికి 1908లో గుస్తావ్ మీ రావాల్సి వచ్చింది.

ప్రొటీన్ కొలతలో బంగారం వాడకం మొన్నమొన్నటిదనీ, నానో అన్న మాట పుట్టాక వచ్చిందనీ చాలామంది అనుకుంటారు. కాదు. డిగ్రీలో కొల్లాయిడ్ల పాఠంలో గోల్డ్ నంబర్ అని చదివే ఉంటారు. అది 1901 నాటి జిగ్‌మండీ పని. 10 మిల్లీలీటర్ల ఎర్రటి గోల్డ్ సోల్‌లో (బంగారు కణాలు తేలే ద్రావణంలో) 1 మిల్లీలీటరు 10 శాతం ఉప్పునీళ్లు పోస్తే నీలమవుతుంది. అలా కాకుండా ఆపడానికి ప్రొటీన్ గానీ గంజి లాంటిది గానీ కనీసం ఎన్ని మిల్లీగ్రాములు కావాలో అదే గోల్డ్ నంబర్. జెలటిన్‌కి అది 0.005 నుంచి 0.01, బంగాళాదుంప గంజికి దాదాపు 25. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆ అంకెలు నిజానికి ఏది కణాన్ని ఎంత బాగా కప్పుతుందో చెబుతున్నాయి. జిగ్‌మండీకి 1925 సంవత్సరపు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

దీన్నే 1912లో కార్ల్ లాంగే అనే జర్మన్ వైద్యుడు రోగుల మీద వాడాడు. వెన్నులోంచి తీసిన ద్రవాన్ని ఉప్పునీళ్లలో 1:10తో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ 1:5120 దాకా పది గొట్టాల్లో పలచన చేస్తారు. ప్రతిదాంట్లో గోల్డ్ సోల్ పోసి ఉంచి, ఎరుపు అలాగే ఉంటే 0, రంగు పూర్తిగా పోతే 5 అని మార్కులు వేస్తారు. పది గొట్టాలకు పది అంకెలు. సిఫిలిస్ మెదడుకి పాకినవాళ్లలో మొదటి గొట్టాలన్నీ ఐదులు, తర్వాత మెల్లగా సున్నాలు. మెనింజైటిస్ అయితే అంకెలు మధ్య గొట్టాల తర్వాత ఎక్కి దిగుతాయి. ఆల్బుమిన్ కణాన్ని కాపాడుతుంది, గామా గ్లోబులిన్ పడగొడుతుంది. ఆ రెండింటి నిష్పత్తి మారిందని పది గొట్టాల రంగు చెప్పేసేది. స్పెక్ట్రోఫోటోమీటర్ లేదు, యాంటీబాడీ లేదు. దశాబ్దాల పాటు ఆసుపత్రుల్లో వాడారు. నాకు ఈ పరీక్ష అంటే ఒక రకమైన గౌరవం. అదే సమయంలో దాని బలహీనత కూడా చూడండి: అది ఏ ప్రొటీన్ ఎన్ని మిల్లీగ్రాములో చెప్పదు, మిశ్రమం తీరు మాత్రమే చెబుతుంది. ఈ తేడా మీ ప్రాజెక్టుకీ వర్తిస్తుంది.

అందుకే మొదట తేల్చుకోవాల్సింది: మీకు మొత్తం ప్రొటీన్ కావాలా, ఒక ఫలానా ప్రొటీన్ కావాలా? రెండింటికీ బంగారమే వాడతారు, కానీ పద్ధతులు పూర్తిగా వేరు. మీ ప్రశ్నలో ఇవి రెండూ కలగలిసిపోయాయి.

మొత్తం ప్రొటీన్ సంగతి ముందు. 1987లో క్రిస్టా స్టోషెక్ ప్రచురించిన పద్ధతి దీనికి మూలం. గోల్డ్ సోల్‌ని ఆమ్లంగా, పీహెచ్ 3 దరిదాపుల్లో ఉంచుతారు. అంత ఆమ్లంలో దాదాపు అన్ని ప్రొటీన్లకూ ధనావేశం వస్తుంది, రుణావేశపు కణానికి పరిగెత్తుకుంటూ వెళ్లి అతుక్కుంటాయి. ఎరుపు ఊదాకి జరుగుతుంది, ఆ మార్పుని 595 నానోమీటర్ల దగ్గర చదవొచ్చు. అంటే మీ బ్రాడ్‌ఫోర్డ్ ఫిల్టరే సరిపోతుంది. పదుల నానోగ్రాముల ప్రొటీన్ కూడా దొరుకుతుంది. బ్రాడ్‌ఫోర్డ్ మామూలుగా మైక్రోగ్రాముల్లో పనిచేస్తుంది కాబట్టి తేడా గట్టిదే.

మరి అందరూ దీన్నే ఎందుకు వాడట్లేదు? నా అనుభవంలో కారణాలు ఇవి. ఒకటి, ప్రొటీన్‌ని బట్టి రంగు మారే తీరు బాగా తేడా వస్తుంది. బీఎస్ఏతో (ఆవు రక్తంలోని ఆల్బుమిన్‌తో) గీసిన కర్వ్ మీద యాంటీబాడీని చదివితే వచ్చే అంకె నమ్మలేం. బ్రాడ్‌ఫోర్డ్‌లోనూ ఈ బాధ ఉంది, ఇక్కడ ఇంకాస్త ఎక్కువ. రెండు, ఎస్‌డీఎస్ లాంటి డిటర్జెంట్లు, ఎక్కువ ఉప్పు, థయాల్ (గంధకపు గుంపు) ఉన్న రసాయనాలు దీన్ని చెడగొడతాయి. మీ లైసిస్ బఫర్‌లో (జీవకణాలను పగలగొట్టే ద్రావణంలో) డీటీటీ గానీ మెర్కాప్టోఇథనాల్ గానీ ఉంటే వాటి గంధకం ప్రొటీన్ కన్నా ముందే బంగారం మీద కూర్చుంటుంది. మూడు, నానోగ్రాముల స్థాయిలో ప్రొటీన్ ట్యూబు గోడలకే అంటుకుపోతుంది. మీరు 50 నానోగ్రాములు వేశాననుకుంటారు, ద్రావణంలో మిగిలేది అందులో ఎంతో తెలియదు. లో-బైండ్ ట్యూబులు లేకుండా ఈ స్థాయిలో దిగొద్దు. చేతి గ్లోవు తగిలిన మూత, చర్మపు పొట్టు కూడా రీడింగ్‌లోకి వస్తాయి.

కాబట్టి మీకు నా సలహా: ముందు మైక్రో బ్రాడ్‌ఫోర్డ్ చేసి చూడండి. శాంపిల్ మోతాదు ఎక్కువ, రీయేజెంట్ తక్కువ పలచన. మిల్లీలీటరుకు 1 నుంచి 25 మైక్రోగ్రాముల మధ్య అది బాగానే పనిచేస్తుంది. అది కూడా చాలకపోతే మీ డిపార్ట్‌మెంట్‌లో క్యూబిట్ (ఫ్లోరెసెంట్ రంగుతో ప్రొటీన్ కొలిచే చిన్న యంత్రం) ఉందేమో అడగండి. ఈ రెండూ విఫలమై, బఫర్ శుభ్రంగా ఉండి, మీ ప్రొటీన్‌దే శుద్ధమైన స్టాండర్డ్ చేతిలో ఉంటే అప్పుడు కొల్లాయిడల్ గోల్డ్. ఇంకో చోట మాత్రం ఇది నిజంగా గొప్పది: బ్లాట్ మెంబ్రేన్ మీద, అంటే జెల్‌లో విడదీసిన ప్రొటీన్లను ఎక్కించే పొర మీద. నైట్రోసెల్యులోజ్ మీదకి ఎక్కిన ప్రొటీన్ పట్టీలన్నిటినీ గోల్డ్ సోల్‌లో నానబెడితే ఎర్రగా తేలతాయి, పోన్సో అనే మామూలు ఎర్ర రంగు కన్నా ఎన్నో రెట్లు సున్నితంగా. నైలాన్ మెంబ్రేన్‌కి మాత్రం పనికిరాదు, దానికే ధనావేశం ఉంటుంది కాబట్టి మెంబ్రేనంతా ఎర్రబడుతుంది.

ఇప్పుడు ఫలానా ప్రొటీన్‌ని పట్టడం. లోకంలో బంగారు కణాలు అత్యధికంగా ఖర్చయ్యేది ఇక్కడే. మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ కార్డు, ఏజెన్సీ గ్రామాల్లో ఆశా కార్యకర్త వేలిమీద చుక్క రక్తం తీసి చేసే మలేరియా కార్డు, 2020లో వీధి శిబిరాల్లో చేసిన కరోనా యాంటిజెన్ కార్డు, వీటిలో ఎర్రగీత గీసేది చాలావరకు బంగారమే. మలేరియా కార్డు పట్టేది పరాన్నజీవి వదిలే హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రొటీన్. కరోనా కార్డు పట్టేది వైరస్ న్యూక్లియోకాప్సిడ్ ప్రొటీన్.

ప్రెగ్నెన్సీ కార్డునే తీసుకుందాం. హెచ్‌సీజీ అనే గర్భధారణ హార్మోన్‌కి ఆల్ఫా, బీటా అని రెండు ముక్కలున్నాయి. బీటాని గుర్తుపట్టే యాంటీబాడీని బంగారు కణాలకు ఎక్కించి ఒక ప్యాడ్ మీద ఆరబెడతారు. ఇంకో చోటును పట్టుకునే రెండో యాంటీబాడీని మెంబ్రేన్ మీద గీతగా గీస్తారు. మూత్రం ప్యాడ్‌ని తడపగానే కణాలు లేచి హెచ్‌సీజీని పట్టుకుని మెంబ్రేన్ వెంట పాకుతాయి, గీత దగ్గర ఆ హెచ్‌సీజీ రెండో యాంటీబాడీకి చిక్కుతుంది. హెచ్‌సీజీ లేకపోతే కణాలు ఆగకుండా వెళ్లిపోయి కంట్రోల్ గీత దగ్గర మాత్రమే ఆగుతాయి. మామూలు కార్డు పట్టగలిగే హద్దు మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్లు, అంటే దాదాపు రెండున్నర నానోగ్రాములు. పరికరం లేకుండా, కరెంటు లేకుండా.

అంత తక్కువ ఎలా కనిపిస్తుందంటే లెక్క చూడండి. స్ట్రిప్‌లలో ఎక్కువగా వాడే 40 నానోమీటర్ల కణంలో దాదాపు 20 లక్షల బంగారు పరమాణువులుంటాయి. ఒక రంగు అణువుతో పోలిస్తే ఇది పది వేల రెట్లకు పైగా కాంతిని ఆపుతుంది. అంటే ఒక్క హెచ్‌సీజీ అణువు చిక్కితే దాని వెంట పదివేల రంగు అణువులంత ఎరుపు వచ్చి గీత మీద కూర్చుంటుంది. పైగా ఈ రంగు వెలిసిపోదు. ఏళ్ల తర్వాత తీసినా గీత అలాగే ఉంటుంది.

కానీ గీత కనబడటం వేరు, కొలవడం వేరు. గీత ముదురుగా ఉంది కాబట్టి హార్మోన్ ఎక్కువ అని ఇంట్లో చూసి తేల్చేవాళ్లున్నారు. వద్దు. మెంబ్రేన్ లాట్ (తయారీ బ్యాచ్) మారితే, తేమ ఎక్కితే, పది నిమిషాలకు బదులు అరగంటకు చదివితే గీత ముదురుతనం మారిపోతుంది. అంకె కావాలంటే రీడర్‌తో చదవాలి, ప్రతి లాట్‌కీ కర్వ్ గీయాలి. రీడర్‌తో అంకె ఇచ్చే కార్డుల్లో చాలామంది ఇప్పుడు బంగారం వదిలి యూరోపియం లాంటి ఫ్లోరెసెంట్ కణాలకు మారారు, కారణం ఇదే. అవును-కాదు జవాబుకి బంగారాన్ని మించింది లేదు. అంకెకి అది సగటు విద్యార్థి.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని హుక్ ఎఫెక్ట్ అంటారు. ప్రొటీన్ మరీ ఎక్కువైతే గీత ముదరాల్సింది పోయి వెలిసిపోతుంది. కణాల మీది యాంటీబాడీలన్నీ హెచ్‌సీజీతో నిండిపోతాయి. గీత మీద యాంటీబాడీలు కూడా కణాలకు అంటని ఖాళీ హెచ్‌సీజీతో నిండిపోతాయి. ఇక రెండూ కలిసే చోటే మిగలదు. ముత్యాల గర్భం (మోలార్ ప్రెగ్నెన్సీ) ఉన్నవాళ్లలో హెచ్‌సీజీ మిల్లీలీటరుకు లక్షల మిల్లీ యూనిట్లలో ఉండొచ్చు, కార్డు నెగెటివ్ చూపించిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. మేము కొత్త కార్డు పరీక్షించేటప్పుడు తక్కువ గాఢతతో ఆగకుండా పైకి పైకి వెళ్లి ఎక్కడ గీత వాలుతుందో చూస్తాం. అనుమానం వస్తే అదే శాంపిల్‌ని పదింతలు, వందింతలు పలచన చేసి మళ్లీ వేయండి. పలచన చేస్తే గీత ముదిరితే అది హుక్కే.

మీరు సొంతంగా కాంజుగేట్ చేయాలనుకుంటే, పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉండేవి కొన్ని చెబుతాను. గోల్డ్ క్లోరైడ్‌ని స్టీల్ గరిటెతో తీయకండి, లోహాన్ని తినేస్తుంది, ప్లాస్టిక్‌ది వాడండి. తేమ కూడా పీల్చుకుంటుంది, అందుకే సీసా మొత్తాన్ని ఒకేసారి నీళ్లలో కలిపి స్టాక్ పెట్టుకోవడం మేలు. గాజు సామాను ఆక్వా రీజియాతో (గాఢ హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమంతో) కడుగుతారు. అది పొగలు లాగేసే హుడ్ లోపల, తెలిసినవాళ్లు పక్కన ఉండగానే. యాంటీబాడీని పీబీఎస్ అనే బఫర్‌లో ఉంచి అలాగే గోల్డ్‌లో పోసేవాళ్లు కొత్తవాళ్లలో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు. అందులో ఉప్పు ఉంది, పోసిన క్షణంలో నీలం. తక్కువ ఉప్పున్న బఫర్‌లోకి డయాలసిస్ చేసుకోవాలి (సన్నని పొర గుండా ఉప్పును బయటికి పోనివ్వాలి).

పీహెచ్ చాలా ముఖ్యం. మీ ప్రొటీన్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (దాని మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) కన్నా కొంచెం పైన ఉంచాలి, పొటాషియం కార్బొనేట్‌తో సర్దాలి. పూత లేని గోల్డ్‌లో పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్ ముంచకండి, కణాలు దాని మీద పేరుకుని ఎలక్ట్రోడ్ పాడవుతుంది. పీహెచ్ పేపర్ చాలు. ఎంత యాంటీబాడీ కావాలో తేల్చుకోవడానికి మళ్లీ జిగ్‌మండీ దగ్గరికే వెళ్తాం. ట్యూబుల్లో గోల్డ్ 1 మిల్లీలీటరు చొప్పున తీసుకుని యాంటీబాడీ పెంచుకుంటూ వేసి, కాసేపాగి 10 శాతం ఉప్పునీళ్లు 100 మైక్రోలీటర్లు కలపండి. ఎర్రగా నిలబడిన వాటిలో అతి తక్కువ యాంటీబాడీ ఉన్న ట్యూబు చూసుకుని, దానికి పది ఇరవై శాతం కలుపుకోండి. తర్వాత మిగిలిన ఖాళీ చోట్లను బీఎస్ఏతో మూసేయాలి. 40 నానోమీటర్ల కణం మీద యాంటీబాడీలు గరిష్ఠంగా ఓ వంద పడతాయి. అందులో సరైన వైపు తిరిగి కూర్చునేవి ఎన్నన్నది వేరే సంగతి. తయారైన గోల్డ్‌ని ఫ్రీజర్‌లో పెట్టకండి. గడ్డకడితే కణాలు అంటుకుపోతాయి, మళ్లీ విడిపోవు. 4 డిగ్రీల ఫ్రిజ్‌లోనే ఉండాలి.

మీ సెమినార్‌లో బహుశా ఇంకో రెండు మూడు పేర్లు వినబడి ఉంటాయి. సర్ఫేస్ ప్లాస్మాన్ రెసొనెన్స్‌లో వాడేది కణాలు కాదు, గాజు మీద 50 నానోమీటర్ల మందం బంగారు పూత. దాని మీద ప్రొటీన్ వచ్చి కూర్చుంటే కాంతి తిరిగొచ్చే కోణం జరుగుతుంది. 1990లో మార్కెట్లోకి వచ్చిన బయాకోర్ యంత్రంలో ఒక యూనిట్ జరిగితే చదరపు మిల్లీమీటరుకు దాదాపు ఒక పికోగ్రాము ప్రొటీన్ అని లెక్క. ఇది ఎంత ఉందో చెప్పడం కన్నా ఎంత గట్టిగా, ఎంత వేగంగా పట్టుకుంటుందో చెప్పడానికే ఎక్కువ పనికొస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో యాంటీబాడీకి తగిలించిన బంగారు కణాలు నల్ల చుక్కలుగా కనిపిస్తాయి, 1971లో ఫాక్, టేలర్ దీన్ని మొదలుపెట్టారు. చుక్కలు లెక్కపెడితే జీవకణంలో ఏ చోట ఆ ప్రొటీన్ ఎంత ఉందో పోల్చుకోవచ్చు, 5, 15 నానోమీటర్ల కణాలు రెండు వాడితే రెండు ప్రొటీన్లు ఒకేసారి. 2003లో చాడ్ మిర్కిన్ బృందం బంగారు కణం మీద యాంటీబాడీతో పాటు వందల డీఎన్‌ఏ పోగులు ఎక్కించి, ప్రొటీన్ బదులు ఆ డీఎన్‌ఏని లెక్కపెట్టి ప్రోస్టేట్ ప్రొటీన్ పీఎస్ఏని అటోమోలార్ అనే అతి సూక్ష్మ స్థాయిలో పట్టుకుంది. చదవడానికి అద్భుతం. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మాత్రం దాని జోలికి వెళ్లొద్దు.

ఖర్చు విషయం. బంగారం అనగానే భయపడతారు గానీ ఇక్కడ అది అన్నిటికన్నా చవక. 0.01 శాతం గోల్డ్ క్లోరైడ్‌తో 100 మిల్లీలీటర్ల సోల్ చేస్తే అందులో బంగారం 5 మిల్లీగ్రాములే. ఒక స్ట్రిప్‌కి పట్టేది దాదాపు 3 మైక్రోగ్రాములు. గ్రాము పదివేల రూపాయలనుకున్నా మూడు పైసలు. డబ్బంతా యాంటీబాడీకీ, మంచి మెంబ్రేన్‌కీ పోతుంది. ఒక పరిశోధనా ల్యాబ్‌లో గోల్డ్ మిగిల్చాలని యాంటీబాడీ కాంజుగేట్‌ని పలచన చేయడం చూశాను. మూడు పైసలు ఆదా చేసి వేల రూపాయల యాంటీబాడీని కనబడకుండా చేసుకున్నారు.

మీ లైసిస్ బఫర్‌లో ఏమేమి ఉన్నాయి, ప్రొటీన్ సుమారు ఎంత ఉంటుందని ఊహిస్తున్నారు, దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ ఎంత, ఈ మూడూ కింద రాయండి. డీటీటీ ఉంటే మాత్రం ఏ పద్ధతి అనుకునే ముందే దాన్ని డీసాల్టింగ్ కాలమ్ (చిన్న అణువులను ప్రొటీన్ నుంచి విడదీసే గొట్టం) మీద తీసేయండి.